ఆకలి తగ్గాక మీ మీద పడే పని

ఆకలి తగ్గించే మందు మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట బరువు గురించి కాదు, "తిండి ధ్యాస పోయింది" అని. మధ్యాహ్నం భోజనం ముగిస్తూనే సాయంత్రం టిఫిన్ గురించి ఆలోచించడం, రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తలుపు తీయడం, ఇంట్లో మైసూర్‌పాక్ డబ్బా ఉందంటే అది ఖాళీ అయ్యేదాకా మనసు అటే లాగడం. ఇదంతా తమ బలహీనత అనుకుని ఏళ్ల తరబడి సిగ్గుపడ్డవాళ్లకు ఆ గోల ఆగిపోతే ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. ఆ ఊరటను నేను తక్కువ చేయను. స్థూలకాయం సంకల్పబలం లేక వచ్చిన జబ్బు కాదని, ఆకలిని నడిపే హార్మోన్లు ఒంట్లో ఉన్నాయని ఈ మందులు తేల్చి చెప్పాయి. లావుగా ఉన్నవాళ్లకు ఊరూవాడా చేసిన హితబోధలన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాల్సినవే.

కానీ ఆకలి మనకు శత్రువు కాదు. ఎప్పుడు తినాలో, ఎంత తినాలో, ఒంట్లో తేడా చేస్తే ఎప్పుడు మానేయాలో ఇన్నాళ్లూ చెబుతూ వచ్చింది అదే. మందు దాని నోరు నొక్కేసినప్పుడు ఆ పనులన్నీ మీ మీద పడతాయి. వాటిని తెలిసి చేసినవాళ్లకు మందు మేలు చేస్తుంది. చేయనివాళ్లకు బరువు తగ్గుతుంది, దాంతోపాటు కండ, నీరు, ఓపిక కూడా తగ్గుతాయి.

ఏ మందు గురించి మాట్లాడుతున్నాం?

ఈరోజు మన దగ్గర ఎక్కువగా వినిపించేవి రెండు: సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్. రెండూ వారానికోసారి చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్లు. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో భారత్ మార్కెట్లోకి వచ్చాయి. సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే కావడంతో, హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సహా ఎన్నో సంస్థలు సొంత తయారీకి ముందునుంచే సిద్ధమయ్యాయి. ధర దిగితే మందు ఎక్కువ ఇళ్లకు చేరుతుంది. మంచిదే. అదే సమయంలో డాక్టరు మొహం చూడకుండా మొదలుపెట్టేవాళ్లూ పెరుగుతారు. ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం ఆ భయమే.

మనం తిన్నప్పుడు పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. "ఇక చాలు" అని మెదడుకు చెప్పేది, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించేది, చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్‌ను పంపించేది అదే. ఒంట్లో సహజంగా పుట్టినది రెండు నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. సెమాగ్లుటైడ్ అదే పని చేస్తుంది గానీ, సగం కరిగిపోవడానికి దానికి దాదాపు వారం పడుతుంది. టిర్జెపటైడ్ దీనికి జీఐపీ అనే మరో హార్మోను పనిని కూడా కలుపుకుంటుంది. దానికి పట్టేది సుమారు ఐదు రోజులు. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి. మాత్ర పడకపోతే రేపు మానేస్తే సరిపోతుంది. వారం ఇంజెక్షన్ పడకపోతే ఆ వారమంతా, ఆ తర్వాత కూడా, దాని ప్రభావం ఒంట్లోనే ఉంటుంది. డోసు విషయంలో తొందర ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఫెంటర్‌మిన్ మాత్ర కూడా పరిచయమే. 1959 నుంచి అక్కడ వాడుకలో ఉంది. ఇది వేరే జాతి మందు: నరాలను ఉత్తేజపరిచి ఆకలిని చంపుతుంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు, గ్లాకోమా ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. మాత్రను పొద్దున్నే వేసుకోవాలి, లేకపోతే రాత్రి నిద్ర ఉండదు. కొద్దికాలం వాడకానికే దానికి అనుమతి. అక్కడి నుంచి వచ్చే చుట్టం సూట్‌కేసులో చెల్లెలి కోసం, వదిన కోసం తెచ్చే వస్తువు కాదది.

ఆకలి చంపే మందుల చరిత్రలో మరకలు చాలానే ఉన్నాయి. ఫెంటర్‌మిన్‌తో కలిపి విపరీతంగా వాడిన ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని తేలి 1997లో మార్కెట్ నుంచి తీసేశారు. రిమోనబాంట్ మనసును కుంగదీస్తోందని 2008లో యూరప్‌లో ఆపేశారు. సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికాలో, మరుసటి ఏడాది మన దేశంలో నిషేధించారు. నిషేధించినా సిబుట్రమిన్ చావలేదు. "నూటికి నూరుపాళ్లు మూలికలే" అని అమ్మే సన్నబడే పొడుల్లో, క్యాప్సూళ్లలో దాన్ని రహస్యంగా కలుపుతున్నట్టు అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షల్లో మళ్లీ మళ్లీ బయటపడింది. వాట్సాప్ గ్రూపులో అమ్మే పొడి వేసుకున్న రెండు రోజుల్లోనే ఆకలి మాయమైందంటే సంతోషించకండి. అనుమానించండి.

కొత్త ఇంజెక్షన్లకు మంచి వైపు గట్టి ఆధారాలే ఉన్నాయి. సెమాగ్లుటైడ్ మీద 1,961 మందితో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లలో తగ్గింది 2.4 శాతమే. 90 కిలోల మనిషికి 14.9 శాతం అంటే దాదాపు 13 కిలోలు. టిర్జెపటైడ్ అత్యధిక డోసు మీద 72 వారాలకు సుమారు 21 శాతం తగ్గింది. 2023లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, షుగరు లేకపోయినా గుండె జబ్బు, అధిక బరువు ఉన్న 17 వేలకు పైగా మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఇవన్నీ సగటు లెక్కలు. మీకు 20 కిలోలు తగ్గవచ్చు, నాలుగే తగ్గవచ్చు. పక్కింటివాళ్ల కిలోలతో మీ కిలోలు పోల్చుకుని డోసు పెంచమని డాక్టరును ఒత్తిడి చేయకండి.

మీకు అవసరమా?

మన దేశంలో ఈ ఇంజెక్షన్లకు అనుమతి ఎవరికంటే, బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి బీపీ, షుగరు, కొలెస్టరాల్, నిద్రలో ఊపిరి ఆగడం వంటి జబ్బు కనీసం ఒకటి ఉన్నవాళ్లకు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 27 అంటే దాదాపు 69 కిలోలు, 30 అంటే 77. భారతీయుల్లో 25 నుంచే స్థూలకాయంగా లెక్కిస్తారు, ఎందుకంటే మనకు తక్కువ బరువులోనే కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. ఒకే బీఎంఐ ఉన్న యూరోపియన్‌కంటే మనలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల క్రితమే లోకానికి చూపించారు. కండ తక్కువ అన్న మాటకు మళ్లీ వస్తాను. ఈ మందుల విషయంలో మనవాళ్లకు అతి ముఖ్యమైన సంగతి అదే.

మూడు నెలల్లో పెళ్లి ఉందని, ఫొటోల్లో నాలుగు కిలోలు తక్కువగా కనిపించాలని ఈ మందు మొదలుపెట్టడం నాకు బొత్తిగా నచ్చదు. ఆ మూడు నెలలూ డోసు పెంచే దశలోనే గడిచిపోతాయి. వికారంతో, నీరసంతో పెళ్లి పనులు చేసుకుంటూ, తర్వాత మానేసి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడమే మిగులుతుంది. తినడం, కక్కడం, పస్తులుండడం మధ్య ఎప్పుడైనా నలిగిన అమ్మాయిలు, అబ్బాయిలు ఆ సంగతి డాక్టరుతో చెప్పకుండా ఈ మందు తాకకూడదు. ఆకలి లేకపోవడం వాళ్లకు మందు కాదు, జబ్బుకు ఊతం.

మొదటి సూదికి ముందు

ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు గానీ, అనుభవమున్న జనరల్ ఫిజీషియన్ దగ్గరకు గానీ వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఆ సంచిలో గ్లిమెపిరైడ్ ఉందా, ఇన్సులిన్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. మన షుగరు పేషెంట్లలో ఎంతోమంది గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటారు. అన్నం సగానికి తగ్గిపోయి, మాత్ర మాత్రం పాత డోసులోనే ఉంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. ఇంజెక్షన్ మొదలుపెట్టే రోజే ఆ మాత్ర ఎంత తగ్గించాలో రాయించుకోండి. బీపీ మాత్రల సంగతీ అంతే. బరువు తగ్గేకొద్దీ బీపీ తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్ర వేసుకుంటూ నీళ్లు తాగడం మానేస్తే, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. షుగరు ఎక్కువకాలంగా ఉన్నవాళ్లు కంటి తెర పరీక్ష ముందే చేయించుకోవాలి. షుగరు వేగంగా దిగినప్పుడు అక్కడి జబ్బు కొన్నిసార్లు ముదురుతుంది.

"నాకు థైరాయిడ్ ఉంది, ఈ ఇంజెక్షన్ వేసుకోకూడదట కదా?" అని చాలామంది భయపడతారు. పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రకు ఈ నిషేధంతో సంబంధం లేదు. ఎలుకల్లో ఒక రకం థైరాయిడ్ గడ్డలు కనిపించాయి కాబట్టి, మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన జబ్బు తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ వచ్చినవాళ్లు, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య సమస్య ఉన్నవాళ్లు వాడకూడదు. మామూలు థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లు బరువు తగ్గేకొద్దీ టీఎస్‌హెచ్ పరీక్ష మళ్లీ చేయించుకుంటే చాలు. ఎప్పుడైనా క్లోమం వాచి ఆసుపత్రిలో చేరారా, పిత్తాశయంలో రాళ్లున్నాయని స్కానింగ్‌లో రాశారా అన్నదీ డాక్టరుకు తెలియాలి.

ఆడవాళ్లకు విడిగా ఒక మాట. గర్భం దాల్చాలనుకుంటే సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి, టిర్జెపటైడ్‌ను కనీసం నెల ముందు. నెలసరి గాడి తప్పి, పిల్లలు పుట్టరేమో అనుకుంటున్న పీసీఓఎస్ అమ్మాయిలకు బరువు తగ్గగానే అండం విడుదలై, ఊహించని గర్భం రావచ్చు. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది కాబట్టి, మొదలుపెట్టిన నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ కండోమ్ వంటి అదనపు జాగ్రత్త అవసరం. ఈ సంగతి డాక్టరు గదిలో అత్తగారి ముందు అడగడం చాలామందికి కష్టం. ఒంటరిగా మాట్లాడాలని చెప్పండి. అది మీ హక్కు.

మెట్టు దూకొద్దు

సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నాలుగు వారాలకోసారి 0.5, 1, 1.7, చివరికి 2.4. టిర్జెపటైడ్ 2.5తో మొదలై, నాలుగు వారాల తర్వాత 5, ఆపైన అవసరాన్నిబట్టి 15 దాకా వెళ్తుంది. మొదటి డోసు బరువు తగ్గించడానికి ఇచ్చేది కాదు, కడుపుకు అలవాటు చేయడానికి ఇచ్చేది. మొదటి నెల తూకం కదల్లేదని రెండో నెల రెండు మెట్లు ఎక్కితే వాంతులు మొదలవుతాయి. వాంతుల వల్ల నీరు పోయి కిడ్నీలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. ఇంకో సంగతి, చివరి మెట్టు దాకా అందరూ ఎక్కాలని లేదు. 1 మిల్లీగ్రాము మీద బాగా తగ్గుతూ, కడుపు ప్రశాంతంగా ఉంటే అక్కడే ఆగడం తెలివైన నిర్ణయం. డాక్టరుతో అలా మాట్లాడండి.

సూది వేసుకునే రోజు ఒకటే పెట్టుకోండి. చాలామందికి వేసుకున్న ఒకటి రెండు రోజులు వికారం ఎక్కువ కాబట్టి, మర్నాడు పెళ్లి భోజనమో, రైలు ప్రయాణమో లేని రోజు మేలు. పొట్ట, తొడ, జబ్బ వీటిలో ప్రతివారం చోటు మార్చండి. ఒక వారం మరిచిపోతే, టిర్జెపటైడ్ అయితే నాలుగు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. వెగోవీ అయితే తర్వాతి సూదికి ఇంకా రెండు రోజులకు పైగా ఉంటే వేసుకోవచ్చు. ఆ సమయం దాటితే ఆ వారం వదిలేయండి. తప్పిన డోసుకు పరిహారంగా రెండు కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. వరుసగా రెండు మూడు వారాలు తప్పితే పాత డోసుతో తిరిగి మొదలుపెట్టకుండా డాక్టరుకు ఫోన్ చేయండి, కింది మెట్టు నుంచి ఎక్కాల్సి రావచ్చు.

ఇంజెక్షన్ పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. గడ్డకట్టిన మందు పనికిరాదు, కాబట్టి ఐస్ పెట్టె పక్కన పెట్టొద్దు. ఫ్రిజ్ బయట కొన్ని వారాలు 30 డిగ్రీల లోపు నిలిచే పెన్నులు ఉన్నాయి. ఎన్ని రోజులన్నది ఒక్కో బ్రాండుకు ఒక్కో లెక్క, పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో గదిలో 30 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? కరెంటు పోయే ఊళ్లలో, బస్సు ప్రయాణాల్లో చల్లగా ఉంచే చిన్న సంచి తప్పనిసరి. సూది మార్చినా సరే, ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు. అక్కాచెల్లెళ్లైనా, భార్యాభర్తలైనా.

డాక్టరు చీటీ మీద, బిల్లు ఇచ్చే మందుల షాపులోనే కొనండి. నకిలీ సెమాగ్లుటైడ్ దేశాలు దాటి తిరుగుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. జిమ్ ట్రైనర్ తెచ్చిచ్చే సీసా, బ్యూటీ పార్లర్‌లో వేసే ఇంజెక్షన్ ఎంత చవకైనా వద్దు.

కంచం ముందు

ఇక అసలు పని. ఇంతకుముందు ఆకలి మిమ్మల్ని కంచం దగ్గరకు పిలిచేది. ఇప్పుడు గడియారం పిలవాలి. ఆకలేయలేదని పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిని, రాత్రి మజ్జిగ తాగి పడుకునేవాళ్లు "అబ్బ, ఎంత బాగా పనిచేస్తోందో" అని మురిసిపోతారు. పోతున్నదాంట్లో కండ వాటా ఎంతో తూకం మిషన్ చెప్పదు. ఈ మందుల అధ్యయనాల్లో తగ్గిన బరువులో పావు వంతు నుంచి దాదాపు 40 శాతం దాకా కొవ్వు కానిదే అని స్కానింగుల్లో కనిపించింది. మొదటే కండ తక్కువగా ఉన్న మనవాళ్లకు ఇది చిన్న నష్టం కాదు. అరవై దాటినవాళ్లకైతే మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం, జారినప్పుడు నిలదొక్కుకోవడం అన్నీ ఆ కండ మీదే ఆధారపడి ఉంటాయి.

మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బరువు తగ్గించే మందు మీద ఉన్నవాళ్లకు వైద్యులు ఇంకా ఎక్కువ, కిలోకు 1.2 గ్రాముల దాకా సూచిస్తుంటారు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం లెక్క వేరు, డాక్టరును అడగకుండా పెంచొద్దు. కిలోకు 1.2 గ్రాములంటే 70 కిలోల మనిషికి రోజుకు 80 గ్రాముల పైమాట. కోడిగుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఏడెనిమిది, వంద గ్రాముల పనీరులో దాదాపు 18, ఉడికిన చికెన్ వంద గ్రాముల్లో పాతిక పైన. పలచటి పప్పుచారులో దాదాపు ఏమీ ఉండదు.

ఇక్కడ మన భోజనం వరుసే అడ్డొస్తుంది. ముందు అన్నం కుప్ప, దాని మీద పప్పు, కాస్త నెయ్యి, ఆవకాయ, తర్వాత కూర, తర్వాత చారు, ఆఖరున పెరుగు. మామూలు ఆకలి ఉన్నవాళ్లకు ఈ వరుస చక్కగా నడుస్తుంది. మందు మీద ఉన్నవాళ్లకు చారు దగ్గరే కడుపు నిండిపోతుంది. పెరుగు అందదు, గుడ్డు కంచంలోనే మిగిలిపోతుంది, కడుపులోకి వెళ్లింది చాలావరకు అన్నమే. అందుకే వరుస తిప్పేయండి. ముందు గుడ్డో, చేపో, చికెన్‌ ముక్కలో, శాకాహారులైతే గట్టి ముద్దపప్పు, పనీరు, ఉడికించిన శనగలో. తర్వాత కూర. అన్నం చివర, మిగిలిన చోటుకు తగ్గట్టు. పెరుగును భోజనం నుంచి విడదీసి సాయంత్రం నాలుగింటికి ఒక గిన్నెడు తినండి. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. ఒక్కసారి కారణం చెప్పండి, అర్థం చేసుకుంటారు.

కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నూనె సరుకు మీద పడకండి. గారెలు, బజ్జీలు, నెయ్యి కారే బిర్యానీ గంటల తరబడి కడుపులోనే కూర్చుని పుల్లటి తేన్పులుగా, వాంతిగా పైకొస్తాయి. కొద్దికొద్దిగా, నెమ్మదిగా తినండి. కడుపు నిండిందని మొదటి సూచన రాగానే చేయి కడిగేసుకోండి, ఆ సూచన తర్వాత నాలుగు ముద్దలే వికారానికి సగం కారణం. మన ఆతిథ్యంలో ఇది నిజంగా కష్టం. "ఏమిటండీ, ఏమీ తినలేదు, ఇంకొక్క అరిసె వేసుకోండి" అంటూ వడ్డించేవాళ్ల ప్రేమ ముందు మొహమాటపడి తిన్నవాళ్లు ఆ రాత్రంతా బాధపడతారు. విస్తరి ముందు కూర్చునే ముందే "డాక్టరు కొద్దిగానే తినమన్నారు" అని చెప్పేయండి. మందు పేరు చెప్పాల్సిన అవసరం లేదు.

దాహం కూడా తగ్గినట్టు అనిపిస్తుంది. సీసాలో కొలత పెట్టుకుని నీళ్లు తాగండి. వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో ఓఆర్‌ఎస్ పక్కన ఉంచుకోండి. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, పీచు, అవసరమైతే ఇసబ్‌గోల్. కార్తీక సోమవారాలు, ఏకాదశి, రంజాన్ రోజాల వంటివి ఉంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడండి, ముఖ్యంగా షుగరు మాత్రలు వాడేవాళ్లు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం డోసు పెంచిన వారంలో పెట్టుకోవద్దు.

తిన్న ప్రోటీన్ కండగా నిలవాలంటే కండకు పని పడాలి. నడక మంచిదే, అదొక్కటే చాలదు. వారానికి రెండు మూడుసార్లు బరువు మోసే వ్యాయామం కావాలి. జిమ్‌కు వెళ్లలేనివాళ్లు చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడను తోస్తూ పుషప్‌లు, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం చేయవచ్చు. పది సార్లు లేవడానికి పట్టే సమయాన్ని నెలకోసారి రాసిపెట్టుకోండి. కిలోలు తగ్గుతూ ఆ సమయం పెరుగుతోందంటే మీరు కోల్పోతున్నది తప్పు సరుకు. వెంటనే డాక్టరుతో మాట్లాడి డోసు తగ్గించడమో, తిండి పెంచడమో చూడాలి.

దీన్ని గ్యాస్ అనుకోవద్దు

మన ఇళ్లలో పొట్టలో వచ్చే ప్రతి నొప్పికీ "గ్యాస్" అనే ఒకే పేరు. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, గ్యాస్ మాత్ర వేస్తారు. ఈ మందు వాడేవాళ్ల విషయంలో ఆ అలవాటు ప్రాణాంతకం కావచ్చు. పైపొట్టలో తీవ్రంగా మొదలై, వీపులోకి పాకుతూ, ఎటు తిరిగి పడుకున్నా తగ్గని నొప్పి క్లోమం వాపు కావచ్చు. సూది ఆపేసి, ఆ గంటలోనే అత్యవసర విభాగానికి వెళ్లండి, వాడుతున్న మందు పేరు చెప్పండి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలో రాళ్ల గుర్తులు. బరువు వేగంగా తగ్గినప్పుడు అవి ఏర్పడటం కొత్త కాదు. గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, ఒక కంటి చూపు ఉన్నట్టుండి మసకబారినా మర్నాటిదాకా ఆగొద్దు. ఆ కంటి సమస్య చాలా అరుదు, కానీ యూరప్ ఔషధ సంస్థ 2025లో దాన్ని సెమాగ్లుటైడ్ దుష్ఫలితాల్లో చేర్చింది. మనసు అకారణంగా దిగులుపడుతున్నా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయినా అదీ చెప్పాల్సిన లక్షణమే.

పన్ను పీకించుకోవడం దగ్గర నుంచి మోకాలి ఆపరేషన్ దాకా, మత్తు ఇస్తామంటే ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్టు తప్పకుండా చెప్పండి. రాత్రి నుంచి పస్తున్నా కడుపులో తిండి మిగిలి ఉండవచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. బరువు కోసం ఇంజెక్షన్ వేసుకుంటున్నామని చెప్పడానికి సిగ్గుపడి దాచేవాళ్లను తలచుకుంటే నాకు గుండె ఆగినట్టవుతుంది.

ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి

"కోర్సు ఎన్ని నెలలండీ?" ఇది మొదటి రోజే అందరూ అడిగే ప్రశ్న. జ్వరం మాత్రకు కోర్సు ఉంటుంది. బీపీ మాత్రకు ఉండదు. ఈ మందు రెండో కోవలోది. అధ్యయనం ముగిశాక సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లలో, ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కండ పోయి, తిరిగి వచ్చింది ఎక్కువగా కొవ్వైతే, మనిషి మొదటికంటే బలహీనంగా మిగులుతాడు. అందుకే మొదలుపెట్టే ముందే ఇంట్లో కూర్చుని డబ్బు లెక్క వేసుకోండి: నెలకు ఇంత చొప్పున ఏడాది, రెండేళ్లు భరించగలమా? మూడు నెలలకే చేతులెత్తేసేలా ఉంటే, ఆ డబ్బును మంచి డైటీషియన్ మీద, గుడ్లూ పాలూ కూరగాయల మీద పెట్టడం లాభం.

ఏదో ఒక కారణంతో ఆపాల్సి వస్తే డాక్టరుకు చెప్పి ఆపండి. డోసును మెట్లు దించుతూ ఆపడమా, తక్కువ డోసు మీద కొనసాగడమా అన్నది మీ జబ్బులను బట్టి ఆయనో, ఆమో నిర్ణయిస్తారు. తగ్గించిన షుగరు, బీపీ మాత్రలు మళ్లీ పెంచాల్సి రావచ్చు, కాబట్టి ఇంట్లో గ్లూకోమీటరు, బీపీ మిషను తీసి పెట్టుకోండి. ఆకలి ఒక్కరోజులో తిరిగి రాదు, కొన్ని వారాల్లో మెల్లగా వస్తుంది. అది వచ్చినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు, మీ తప్పు ఏమీ లేదు. కంచంలో ప్రోటీన్ ముందు వరుస, కుర్చీలోంచి లేచే పది సార్లు, నాలుగింటి పెరుగు గిన్నె మాత్రం మానొద్దు. వారానికోసారి, ఒకే రోజు, పరగడుపున తూకం చూసుకుని గోడ క్యాలెండర్ మీద రాయండి. ఆపిన నాటి బరువుకు మూడు కిలోలు పైకి చేరితే, పదో కిలో దాకా ఎదురుచూడకుండా డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.